పుట్టించినవారిదా, పలికేవారిదా?

1889 ఆగస్టులో పారిస్‌లో ఒక మహాసభ జరిగింది. వేదిక మీద ఉపన్యాసాలు, వాదోపవాదాలు, తీర్మానాలు అన్నీ ఒకే భాషలో నడిచాయి. అది ఫ్రెంచి కాదు, జర్మన్ కాదు, ఇంగ్లీషూ కాదు. పదేళ్ళ కిందట యోహాన్ మార్టిన్ ష్లైయర్ అనే జర్మన్ కాథలిక్ మతగురువు ఒంటిచేత్తో అల్లిన వోలాప్యూక్. అంతకుముందు ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో, మ్యూనిక్‌లో జరిగిన రెండు మహాసభలు జర్మన్ మీద ఆధారపడ్డాయి. ఈ మూడోదానికి ఆ ఊతకర్ర అవసరం లేకపోయింది. యూరప్, అమెరికాల్లో తమకు వందలకొద్దీ సంఘాలు, పాతికదాకా పత్రికలు ఉన్నాయని వోలాప్యూక్ అభిమానులు అప్పట్లో లెక్క చెప్పేవారు.

ఉద్యమానికి అదే శిఖరం, పతనం మొదలైందీ అక్కడే. కొద్ది ఏళ్ళలోనే సంఘాలు మూతపడ్డాయి, పత్రికలు ఆగిపోయాయి.

భాష నేర్చుకోవడం కష్టమన్నది పైకి కనిపించే కారణం. అసలు తగవు అధికారం గురించి. వోలాప్యూక్ అకాడమీకి అధిపతి ఆగుస్ట్ కెర్క్‌హాఫ్స్. పారిస్‌లో ఆచార్యుడిగా పనిచేసిన డచ్చివాడు. గూఢలిపి శాస్త్రంలో ఈనాటికీ పాఠంగా చెప్పే కెర్క్‌హాఫ్స్ సూత్రం ఆయనదే. వ్యాపారులూ ప్రయాణికులూ వాడుకోవాలంటే వ్యాకరణాన్ని తేలిక చేయాలని ఆయన అన్నాడు. ష్లైయర్ ఒప్పుకోలేదు. తన భాషలో మార్పు జరగాలంటే తన అనుమతి ఉండాలన్నాడు, అకాడమీ తీర్మానాలను కొట్టివేసే హక్కు కోరాడు. అకాడమీ ఇవ్వనంది. ష్లైయర్ ఆ అకాడమీని గుర్తించనన్నాడు. 1891లో కెర్క్‌హాఫ్స్ తప్పుకున్నాడు. మిగిలినవాళ్ళు దిద్దుతూ దిద్దుతూ పోయి 1902 నాటికి ఇడియమ్ న్యూట్రల్ అనే పూర్తిగా వేరే భాష దగ్గర తేలారు. డచ్చి దేశస్థుడు ఆరీ డి యాంగ్ 1931లో వోలాప్యూక్‌ను చక్కగా సంస్కరించాడు. అప్పటికి దాన్ని మాట్లాడేవాళ్ళు చాలా కొద్దిమంది.

నిర్మిత భాషల నూట నలభై ఏళ్ళ చరిత్రలో ఈ తగవు మళ్ళీ మళ్ళీ వచ్చింది. భాషను ఒకరు కాగితం మీద రాస్తారు, పదిమంది నోటితో వాడతారు. ఆ నోళ్ళలో నియమం వంగితే, దిద్దాల్సింది నోటినా, కాగితాన్నా?

తెలుగువారికి ఈ ప్రశ్న పాతదే. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని ప్రమాణంగా పెట్టుకున్న గ్రాంథికవాదులకూ, గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావుల పక్షానికీ 1910లలో నడిచిన వాదం దీనికి దగ్గరిదే. ఒక ముఖ్యమైన తేడా మాత్రం ఉంది. తెలుగుకు లక్ష్యం ముందు, లక్షణం తరువాత. వ్యాకరణం పుట్టేనాటికి కవులూ ఉన్నారు, మాట్లాడే జనమూ ఉన్నారు. వాళ్ళలో ఎవరి ప్రయోగం ప్రమాణం అన్నదే తగవు. నిర్మిత భాషకు తొలిరోజున ప్రయోగం అనేదే ఉండదు, లక్షణమే ముందు పుడుతుంది. కాబట్టి అక్కడ నియమాన్ని వెక్కిరించడం అంత సులువు కాదు. నియమాన్ని తీసేస్తే తొలిరోజున మిగిలేది ఏమీ లేదు.

ముట్టరాని పుస్తకం

ఈ చిక్కును అందరికంటే తెలివిగా దాటినవాడు వార్సాలో కళ్ళ డాక్టరు లుద్విక్ జామెన్‌హోఫ్. 1887 జులైలో, డాక్టర్ ఎస్పెరాంటో అనే మారుపేరుతో, రష్యన్‌లో ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. అందులో పదహారు వ్యాకరణ సూత్రాలు, తొమ్మిది వందల పైచిలుకు ధాతువులు ఉన్నాయి. మారుపేరే తరువాత భాష పేరయింది. ఆ పుస్తకంలో సూత్రాల కంటే ముఖ్యమైన ప్రకటన ఒకటుంది: ఈ భాష మీద తనకు ఏ హక్కులూ లేవనీ, మిగతా భాషల్లాగే ఇదీ అందరి సొత్తనీ జామెన్‌హోఫ్ రాశాడు. ష్లైయర్ పట్టుకు వేలాడిన దాన్ని ఈయన మొదటి రోజే వదులుకున్నాడు. వోలాప్యూక్‌తో విసిగిన న్యూరెంబర్గ్ సంఘం కొద్దికాలానికే ఎస్పెరాంటోలోకి మారింది. ఎస్పెరాంటో తొలి పత్రిక లా ఎస్పెరాంటిస్తో 1889లో మొదలైందీ ఆ ఊళ్ళోనే.

హక్కు వదులుకున్నంత మాత్రాన సంస్కర్తల బెడద తప్పలేదు. ఈ అక్షరం తీసేయండి, ఆ విభక్తి మానేయండి అంటూ ఉత్తరాలు వచ్చి పడేవి. 1894లో జామెన్‌హోఫ్ తానే ఒక సంస్కరణల జాబితా తయారుచేసి పత్రిక చందాదారుల ముందు పెట్టాడు. వాళ్ళు ఓటు వేసి మార్పు వద్దన్నారు. సృష్టికర్త మారుస్తానంటే వాడుకరులు వద్దన్న ఘట్టం నిర్మిత భాషల చరిత్రలో బహుశా అదే మొదటిది. జామెన్‌హోఫ్ ఆ తీర్పుకు తలవంచాడు.

1905లో ఫ్రాన్స్‌లోని బులోన్ సుర్ మేర్‌లో తొలి ప్రపంచ ఎస్పెరాంటో మహాసభ జరిగింది. ఇరవై దేశాల నుంచి ఏడు వందల మందికి కాస్త తక్కువగా వచ్చారు. అక్కడ వాళ్ళు ఆమోదించింది ఫుందమెంతో అనే పుస్తకాన్ని. ఐదు భాషల్లో పదహారు సూత్రాలు, అభ్యాసాలు, పదకోశం, ముందుమాట. ఇందులోని దేన్నీ ఎవరూ మార్చకూడదు. సృష్టికర్తకు కూడా ఆ హక్కు లేదు. తప్పులున్నా సరే, అలాగే ఉండాలి.

చూడటానికి ఇది ష్లైయర్ మొండితనం కంటే గట్టిది. కాని ముందుమాటలో జామెన్‌హోఫ్ ఒక తలుపు తెరిచే ఉంచాడు. పాత రూపాన్ని ఎవరూ తప్పు అనకూడదు, తీసేయకూడదు. దాని పక్కన కొత్త రూపాన్ని మాత్రం వాడుకోవచ్చు. కొత్తది జనానికి నచ్చితే పాతది కాలక్రమాన ప్రాచీన ప్రయోగంగా మిగిలిపోతుంది. అంటే మార్చడానికి వీల్లేదు, చేర్చడానికి ఉంది. తీర్పు చెప్పేది వాడుక. ఎస్పెరాంటో అకాడమీ 1909 నుంచి అప్పుడప్పుడు కొన్ని మాటలకు అధికార ముద్ర వేస్తూ వచ్చింది. ముద్ర పడని వేల మాటలు కూడా హాయిగా వాడుకలో ఉన్నాయి.

ఈ ఏర్పాటు పనిచేసిన తీరు ఒక్క ధ్వని విషయంలోనే స్పష్టంగా కనబడుతుంది. ఉర్దూలో ఖబర్ అనేటప్పుడు గొంతులో గరగరమని పలికే శబ్దం ఒకటి ఎస్పెరాంటో అక్షరమాలలో ఉంది, టోపీ పెట్టిన హెచ్ దాని గుర్తు. తొలినాళ్ళలో రసాయనశాస్త్రం ఖెమియో, చైనావాడు ఖీనో. ఆ శబ్దం చాలామంది నోటికి తిరగలేదు. ఏ తీర్మానమూ లేకుండా కెమియో, చీనో అనే జంటరూపాలు పుట్టాయి, పాతవి పుస్తకాల్లోకి వెళ్ళిపోయాయి. అక్షరం మాత్రం అక్షరమాలలో భద్రంగా ఉంది. దాన్ని ఎవరూ రద్దు చేయలేదు, చేయలేరు కూడా.

వాక్యం కూడా ఇలాగే మారింది. నేను సంతోషంగా ఉన్నాను అనడానికి తొలి తరం మీ ఎస్తాస్ ఫెలీచా అని మూడు ముక్కల్లో రాసేది. ఇప్పటివాళ్ళు విశేషణానికే క్రియా ప్రత్యయం తగిలించి మీ ఫెలీచాస్ అంటున్నారు. ఏ ధాతువుకైనా ఏ ప్రత్యయమైనా చేర్చుకోవచ్చు గనక నియమం దీన్ని ముందే అనుమతించింది. జామెన్‌హోఫ్ అరుదుగా వాడిన సౌకర్యాన్ని తరువాతివాళ్ళు అలవాటు చేసుకున్నారు. పండితులు కొందరు ముఖం చిట్లించారు. వాడుక ఆగలేదు.

కంప్యూటరుకు పేరు పెట్టేటప్పుడు కొంతకాలం కొంపుతేరో, కొంపుతోరో, కొంపుతీలో అని మూడు మాటలు పోటీపడ్డాయి. మొదటి రెండూ యూరప్ భాషల మాటకు దగ్గర. మూడోది ఎస్పెరాంటో సొంత ప్రత్యయంతో కట్టినది, పనిముట్టును సూచించే ప్రత్యయం అందులో ఉంది. గెలిచింది మూడోదే. మన దేశానికి హిందూయో, హిందియో, బరాతో అని మూడు పేర్లు ఈనాటికీ కనిపిస్తాయి. వాటిలో ఏది వాడాలన్నది రాసేవాళ్ళ ఇష్టం.

అన్ని తగవులూ ఇంత సాఫీగా తేలలేదు. మల్ అనే ఉపసర్గ పెడితే ఏ మాటకైనా వ్యతిరేకార్థం వస్తుందన్నది ఎస్పెరాంటోకు గర్వకారణం. బోనా మంచి, మల్‌బోనా చెడు. రాపీదా వేగం, మల్‌రాపీదా నెమ్మది. సగం మాటలు నేర్చుకుంటే చాలు. కవులకు ఇది నచ్చలేదు. విచారం అన్న ప్రతిచోటా సంతోషం కానిది అని రాయడం వాళ్ళకు అడ్డయింది. త్రీస్తా, కుర్తా, ఓల్దా వంటి పొట్టి మాటలు తెచ్చుకున్నారు. వీటితో భాష యూరప్ వాళ్ళ గుప్పిట్లోకి పోతుందని, ఆసియా ఆఫ్రికాల నుంచి నేర్చుకునేవారికి భారం రెట్టింపవుతుందని ఎదురువాదం లేచింది. ఐక్యరాజ్యసమితిలో అనువాదకుడిగా పనిచేసిన స్విస్ మనస్తత్వవేత్త క్లోద్ పిరోన్ 1989లో లా బోనా లింగ్వో అనే పుస్తకమే రాశాడు. ఉన్న ముక్కలతోనే అన్నీ చెప్పవచ్చన్నది అందులో ఆయన వాదం. ఈనాటికీ కవిత్వంలో పొట్టి మాటలు, మామూలు సంభాషణలో మల్ మాటలు అన్నట్టుగా సర్దుబాటు నడుస్తోంది.

మరో వాదం పూర్తిగా వ్యాకరణానిది. నేను ఫలానా ఏడు పుట్టాను అని కర్మణి ప్రయోగంలో చెప్పాలి. నస్కీతా అనాలా, నస్కాతా అనాలా? కృదంత ప్రత్యయం కాలాన్ని చెబుతుందని ఒక పక్షం, పని పూర్తయిందా లేదా అన్నది చెబుతుందని మరో పక్షం. ఎవరి మాతృభాష అలవాటు వాళ్ళను అటో ఇటో లాగింది. పత్రికల్లో పుటలకు పుటలు నిండాయి. చివరికి 1967లో అకాడమీ జామెన్‌హోఫ్ రచనల్లోని తీరును ఆధారం చేసుకుని నస్కీతా వైపు తీర్పిచ్చింది. పదహారు సూత్రాల్లో ఈ ప్రశ్నకు సూటి జవాబు లేదు. సూత్రం మౌనంగా ఉన్నచోట పూర్వప్రయోగమే ప్రమాణమైంది.

ఇప్పుడు నడుస్తున్న చర్చ లింగభేదం గురించి. పాత్రో తండ్రి, దానికి స్త్రీ ప్రత్యయం చేరిస్తే పాత్రీనో తల్లి. ఉపాధ్యాయుడు, డాక్టరు వంటి వృత్తినామాలు ఒకప్పుడు పురుషులకే అన్నట్టు ఉండేవి, ఇప్పుడు అవి అందరికీ వర్తిస్తున్నాయి. ఇది నిశ్శబ్దంగా జరిగిపోయింది. దీనికి తోడు స్త్రీ పురుష భేదం లేని రీ అనే సర్వనామం, పురుషుణ్ణి ప్రత్యేకంగా సూచించే కొత్త ప్రత్యయం యువతరంలో వాడుకలోకి వస్తున్నాయి. ఇవి ఫుందమెంతోకు విరుద్ధమని కొందరు, పాతవాటిని ఎవరూ తీసేయమనడం లేదు కదా అని మరికొందరు. గమనించాల్సింది ఏమిటంటే, రెండు పక్షాలూ 1905 నాటి అదే ముందుమాటను సాక్ష్యంగా తెచ్చుకుంటున్నాయి.

సరిచేసినవారు ఏమయ్యారు

ఎస్పెరాంటోను సరిచేస్తే ఇంకా బాగుంటుందన్నవారికి ఒక గట్టి అవకాశం 1907లో వచ్చింది. ఫ్రెంచి తర్కవేత్త లూయీ కుతూరా చొరవతో ఏర్పడిన ప్రతినిధి సంఘం ఆ అక్టోబరులో పారిస్‌లో సమావేశమైంది. రసాయనశాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఓస్త్‌వాల్ట్, డేనిష్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ వంటివాళ్ళు అందులో ఉన్నారు. ఎస్పెరాంటోలో మార్పులు సూచిస్తూ ఈడో అనే మారుపేరుతో ఒక పథకం వాళ్ళ ముందుకు వచ్చింది. టోపీ అక్షరాలు తీసేశారు, కర్మవిభక్తిని తప్పనిసరి చేయలేదు, పదనిర్మాణాన్ని తర్కబద్ధం చేశారు. ఎస్పెరాంటో తరఫున మాట్లాడటానికి వెళ్ళిన లూయీ ద బోఫ్రోన్ ఆ తరువాత ఈడో కర్త తానేనని ప్రకటించుకోవడం పెద్ద దుమారం రేపింది.

కాగితం మీద చూస్తే ఈడో చాలా విషయాల్లో మెరుగే. ఎస్పెరాంటో నాయకుల్లో గణనీయమైన భాగం అటు వెళ్ళారు. మామూలు వాడుకరులు మాత్రం కదలలేదు. పైగా, తర్కం పేరుతో ఒకసారి భాషను విప్పినవాళ్ళకు మళ్ళీ విప్పకుండా ఉండటం కష్టమైంది. మెరుగులు దిద్దడం ఈడోలో నిత్యకృత్యమైంది. 1914లో కుతూరా కారు ప్రమాదంలో మరణించాడు. 1928లో యెస్పర్సన్ ఈడోను వదిలి నోవియల్ అనే సొంత భాష ప్రకటించాడు. ఈడో ఈనాటికీ బతికే ఉంది, చిన్న బృందాల్లో.

కోర్టుకెక్కిన తర్కం

రెండో ప్రపంచ యుద్ధం తరువాత నిర్మిత భాషలకు వేరే ప్రయోజనాలు పుట్టాయి. అమెరికా సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కుక్ బ్రౌన్ 1955లో లాగ్లాన్ మొదలుపెట్టాడు. భాష ఆలోచనను మలుస్తుందన్న సపీర్, వోర్ఫ్‌ల సిద్ధాంతాన్ని పరీక్షించడానికి సంపూర్ణంగా తర్కబద్ధమైన భాష కావాలన్నది ఆయన ఉద్దేశం. 1960లో సైంటిఫిక్ అమెరికన్‌లో వచ్చిన వ్యాసంతో పేరు వచ్చింది, ఔత్సాహికులు చేరారు. బ్రౌన్ సంస్థ మాత్రం భాషను తన ఆస్తిగా చూసింది. పదాల జాబితా మీద కాపీరైటు అంది, పేరు మీద ట్రేడ్‌మార్కు అంది.

1987లో విడిపోయిన బృందం లొజ్బాన్ అనే పేరుతో వ్యాకరణాన్ని దాదాపు అలాగే ఉంచి మూలపదాలన్నీ కొత్తగా తయారుచేసుకుంది. చైనీస్, ఇంగ్లీషు, హిందీ, స్పానిష్, రష్యన్, అరబిక్ మాటల ధ్వనులను, మాట్లాడేవారి సంఖ్యను బట్టి తూచి, కంప్యూటరుతో కలిపి మాటలు పుట్టించారు. పేరు మీద తగవు అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టుదాకా వెళ్ళింది. లాగ్లాన్ అన్నది ఒక భాష సామాన్య నామం, దాన్ని ట్రేడ్‌మార్కు చేయడం చెల్లదని 1992లో కోర్టు చెప్పింది.

లొజ్బాన్ వాళ్ళు బ్రౌన్ నుంచి పాఠం నేర్చుకున్నారు. 1997లో జాన్ కోవన్ రాసిన సమగ్ర వ్యాకరణాన్ని అచ్చువేసి, కనీసం ఐదేళ్ళు ఎవరూ దాన్ని ముట్టకూడదని, ఆ లోగా జనం మాట్లాడి చూడాలని నిర్ణయించారు. అయితే ఎస్పెరాంటోకు లేని ఇబ్బంది వీళ్ళకు ఎదురైంది. ఈ భాషలో ప్రతి వాక్యాన్నీ కంప్యూటరు ఒకే ఒక్క విధంగా విడదీయగలగాలి. వాడుకలో ఒక రూపం కొంచెం జారితే అది శైలి అనిపించుకోదు, ఆ మేరకు భాష ఉద్దేశమే దెబ్బతింటుంది. ఇంగ్లీషు వాసన కొట్టే ప్రయోగాలను తిట్టడానికి మల్‌గ్లిషో అనే మాట కూడా పుట్టించుకున్నారు.

అంత కట్టుదిట్టంలో కూడా వాడుక తన దారి తాను చూసుకుంది. నామవాచకాల ముందు వచ్చే లో అనే అతిచిన్న మాటకు పుస్తకం ఇచ్చిన అర్థం ప్రకారం, ప్రతిసారీ ఎన్ని వస్తువుల గురించి చెబుతున్నామన్న లెక్క దానికి తగులుకుని వచ్చేది. రోజువారీ రాతల్లో జనానికి ఆ లెక్క అక్కరలేదు. 2000ల తొలి ఏళ్ళలో, నియమాల స్పష్టీకరణకు ఏర్పడిన కమిటీ, తగులుకుని వచ్చే ఆ లెక్కను తొలగించి లో అర్థాన్ని సడలించింది. ఇది సదుపాయమని కొందరు, పుస్తకాన్ని ముట్టకూడదన్న మాటకు విలువేముందని కొందరు. ఆ అసమ్మతి పూర్తిగా చల్లారలేదు.

పెద్దరికాన్ని కోరుకున్న వాడుకరులు

ఇంతవరకు చూసిన కథల్లో సృష్టికర్త పట్టు బిగిస్తే జనం విడిపోయారు. క్లింగాన్ దగ్గర లెక్క తిరగబడింది. స్టార్ ట్రెక్ మూడో సినిమా కోసం 1984లో భాషావేత్త మార్క్ ఓక్రాండ్ దీన్ని తయారుచేశాడు, 1985లో నిఘంటువు అచ్చయింది. కర్మ, క్రియ, కర్త అనే అరుదైన పదక్రమం దీనిది. 1992లో అమెరికాలో క్లింగాన్ భాషా సంస్థ ఏర్పడింది. సంస్థ సభ్యులు తమకు తామే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: ఓక్రాండ్ ఇచ్చిన మాటే మాట, సొంతంగా పదాలు పుట్టించకూడదు. కావలసిన మాటల జాబితా ఆయనకు పంపుతారు. వార్షిక సమావేశం నాటికి ఆయన కొన్నింటిని ఇస్తాడు.

ఇది విధేయత మాత్రమే కాదు, ఇందులో లెక్క కూడా ఉంది. వేర్వేరు ఊళ్ళలో చెదిరివున్న కొద్దిమంది ఎవరికి వాళ్ళు మాటలు చేసుకుంటూ పోతే ఏడాదికల్లా ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. ఒక్కడికి అధికారం ఇవ్వడం వాళ్ళకు ఐక్యతకు దగ్గరి దారి. దాని ఖరీదు కూడా వాళ్ళే చెల్లించారు. ఒక అమెరికన్ భాషావేత్త తన కొడుకుతో మూడేళ్ళు క్లింగాన్‌లోనే మాట్లాడి చూశాడు. అంతరిక్ష నౌకలకూ ఆయుధాలకూ మాటలున్న ఆ భాషలో ఇంట్లోని మామూలు వస్తువులకు పేర్లు దొరక్క తంటాలుపడ్డాడు. పిల్లవాడు చివరికి ఇంగ్లీషులో స్థిరపడ్డాడు.

ఓక్రాండ్ మాత్రం తన సర్వాధికారాన్ని మొండిగా వాడలేదు. సినిమా షూటింగులో నటులు తప్పు పలికితే ఆ తప్పును కలుపుకుని నియమం తిరగరాసేవాడు. 1991 నాటి ఆరో సినిమాలో హామ్లెట్ నాటకంలోని ఉండటమా, ఉండకపోవడమా అన్న ప్రసిద్ధ సంశయాన్ని క్లింగాన్‌లో పలకాల్సి వచ్చింది. ఉండటం అనే క్రియ క్లింగాన్‌లో లేదు, అది కావాలనే చేసిన ఏర్పాటు. జీవించడం అనే క్రియతో ఓక్రాండ్ రాసిచ్చిన వాక్యం నటుడు క్రిస్టఫర్ ప్లమర్‌కు నోట్లో గట్టిగా మోగలేదు. అప్పటికప్పుడు కొనసాగడం అనే అర్థంలో తా అన్న కొత్త క్రియ పుట్టింది. అభిమానులు ఆ తరువాత హామ్లెట్ మొత్తాన్నీ క్లింగాన్‌లోకి తెచ్చారు. నియమాల్లో పొంతన కుదరనప్పుడు ఓక్రాండ్ మల్ట్జ్ అనే క్లింగాన్ ఖైదీ పాత్ర మీదికి నెట్టేస్తాడు. తాను వట్టి లేఖకుణ్ణేనని, ఆ క్లింగానుడు అలా అంటున్నాడని చెబుతాడు. అంటే లేని జనాన్ని ఊహించుకుని, వాళ్ళ వాడుకను ప్రమాణంగా చూపడం.

ఈ భాష ఎవరిదన్న ప్రశ్న కూడా కోర్టు మెట్లెక్కింది. అభిమానులు తీస్తున్న ఒక సినిమాపై పారమౌంట్, సీబీఎస్ వేసిన దావాలో క్లింగాన్ కూడా తమ సొత్తేనన్న వాదన వచ్చింది. 2016లో భాషా నిర్మాతల సంఘం దానికి వ్యతిరేకంగా కోర్టుకు విన్నపం సమర్పించింది, అందులో క్లింగాన్ వాక్యాలు కూడా చేర్చింది. 2017 జనవరిలో కేసు రాజీతో ముగిసింది. భాష మీద తీర్పు రాలేదు.

అవతార్ సినిమాకు పాల్ ఫ్రామర్ చేసిన నావీ భాషది మధ్యేమార్గం. కొత్త మాటలను అభిమానుల బృందమే ప్రతిపాదిస్తుంది, ఫ్రామర్ పరిశీలించి ఆమోదిస్తాడు.

లెక్కపెట్టి రాసిన నిఘంటువు

ఈ చరిత్రలో కొత్త మలుపు టోకీ పోనాది. టొరంటోకు చెందిన సోన్యా లాంగ్ 2001లో దీన్ని బయటపెట్టింది. నూట ఇరవై మాటలతో బతుకంతా చెప్పుకోగలమా అన్నది ప్రయోగం. 2014లో ఆమె పుస్తకం వచ్చింది. ఆ పుస్తకంలో కొన్ని మాటలను వేరే మాటలకు పర్యాయాలుగా కలిపేసింది. చదివినవాళ్ళు చాలామంది ఒప్పుకోలేదు. కీన్, నమాకో వంటివి వేరే అర్థాలతో వాళ్ళ నోళ్ళలో అలాగే నిలిచాయి. పుస్తకంలో లేని మాటలు కూడా చేరాయి. స్త్రీ పురుష వర్గాల్లో ఇమడని వారికి తోన్సీ అనే మాటను వాడుకరులే చేసుకున్నారు. 2009లో లాంగ్ ఏప్రిల్ ఫూల్ సరదాకు విసిరిన కీయెతెసాంతకాలు అన్న పొడవాటి మాట రకూన్ వంటి జంతువులకు పేరుగా పాతుకుపోయింది.

2021లో ఆమె రెండో పుస్తకం తెచ్చింది. ఈసారి తాను నిర్ణయించలేదు, అడిగింది. వేలాది ఇంగ్లీషు మాటలను టోకీ పోనా వాడుకరులు ఏ ఏ పదబంధాలతో చెబుతున్నారో సేకరించి, ఎంత తరచుగా వాడుతున్నారో అంకెతో గుర్తుపెట్టి అచ్చువేసింది. మొదటి 120కి తోడు మరో 17 మాటలకు ముఖ్యమైన మాటల హోదా దక్కింది. ఆ జాబితాలో తోన్సీ ఉంది, ఆ రకూన్ మాట కూడా ఉంది. భాషను పుట్టించిన మనిషి వాడుకను నమోదుచేసే నిఘంటుకర్తగా మారడం ఇక్కడి విశేషం. 2022లో టోకీ పోనాకు అంతర్జాతీయ భాషా సంకేతం కూడా వచ్చింది.

పిల్లలు చేసే సవరణ

నియమానికి అసలు పరీక్ష పుస్తకం చూడని వాడుకరి, అంటే పసిపిల్ల. ఎస్పెరాంటో తల్లిభాషల్లో ఒకటిగా పెరిగినవాళ్ళు ప్రపంచంలో సుమారు వెయ్యిమంది ఉంటారని అంచనా. పెట్టుబడిదారు జార్జ్ సోరోస్ తండ్రి తివదార్ ఎస్పెరాంటో రచయిత కావడంతో జార్జ్‌కు కూడా ఈ భాష చిన్నప్పుడే అబ్బింది. బెంజమిన్ బెర్గెన్ 2001లో ప్రచురించిన పరిశోధనలో ఇలా పెరుగుతున్న ఎనిమిది మంది పిల్లల మాటలను పరిశీలించాడు. కర్మవిభక్తి అన్ని చోట్లా పలకడం లేదు, పదక్రమం కర్త, క్రియ, కర్మగా బిగుసుకుంటోంది అని తేల్చాడు. ఈడో వాళ్ళు కమిటీ వేసి సడలించినదాన్నే ఈ పిల్లలు అడగకుండా సడలిస్తున్నారు. పెద్దయ్యాక మాత్రం వాళ్ళు రాసేది ఫుందమెంతో ఎస్పెరాంటోయే. వాళ్ళు మాట్లాడాల్సిన వేలమంది పుస్తకం చదివి నేర్చుకున్నవాళ్ళు, అందరినీ కలిపేది ఆ పుస్తకమే. సహజ భాషల్లో పిల్లలు తరువాతి తరం వ్యాకరణాన్ని రాస్తారు. ఎస్పెరాంటోలో ఇంకా నేర్చుకున్న పెద్దలదే పైచేయి.

తెలుగు తెర మీదా ఇలాంటి ప్రయత్నం ఒకటి జరిగింది. 2015 నాటి బాహుబలిలో కాలకేయులు మాట్లాడిన కిలికిని తమిళ గేయరచయిత మదన్ కార్కీ తయారుచేశాడు. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు అని అప్పట్లో చెప్పారు. నేను అనడానికి మిన్, నువ్వు అనడానికి దాన్ని తిరగేసి నిమ్. నిర్మాణం ముచ్చటగా ఉంది. 2020 ఫిబ్రవరిలో దానికి లిపి జతచేసి, ఎవరైనా నేర్చుకునేలా విడుదల చేశారు. తెర మీది నుంచి దిగిన భాషకు నియమాలు ఉన్నాయి, సృష్టికర్త ఉన్నాడు. దాన్ని వంచి వాడి, తగవులాడే సమూహం ఇంకా కనబడదు.

ఈ ఉదాహరణలన్నీ పక్కపక్కన పెడితే నియమమా, వాడుకా అన్న ప్రశ్న కొంత దారి తప్పించేదని తెలుస్తుంది. నియమాలు వదులుగా ఉన్న భాషలు బతికాయనీ చెప్పలేం, బిగువుగా ఉన్నవి చచ్చాయనీ చెప్పలేం. ఫుందమెంతో అంత బిగువైన పుస్తకం మరొకటి లేదు, ఎస్పెరాంటో అంత విస్తరించిన నిర్మిత భాషా మరొకటి లేదు. తేడా రెండుచోట్ల ఉంది. ముట్టరాని భాగం ఎంత చిన్నదో, అది దాటాక మార్పుకు దారి ఎంత స్పష్టంగా రాసి ఉందో చూడాలి. ఆ మార్పుకు పెద్దరికం జనం ఒప్పుకున్నదా, ఒకరు పట్టుబట్టి తీసుకున్నదా అన్నది రెండోది. క్లింగాన్‌లో ఓక్రాండ్ మాట చెల్లుతున్నది అభిమానులు చెల్లనిస్తున్నారు గనక. ష్లైయర్‌కు, బ్రౌన్‌కు ఆ ఒప్పుదల లేదు.

ఇప్పుడు సినిమాలకు, వీడియో ఆటలకు, కాల్పనిక నవలలకు భాషలు అల్లుతున్న తెలుగువాళ్ళూ ఉంటారు. ధాతువుల పట్టికలోనూ లిపి అందంలోనూ మునిగిపోయే ముందు వాళ్ళు జామెన్‌హోఫ్ 1905లో రాసిన ఆ కొద్ది పుటల ముందుమాటను ఒకసారి చదవాలి. తమ భాషకూ అలాంటిది ఒకటి, రేపు వాడుకరులు కొత్త మాట తెస్తే ఏం చేయాలో చెప్పేది, మొదటి విడుదలతోనే జతచేయాలి.